అక్క తీసిన పొయ్యి రాళ్ళు

అక్క సచ్చిపోయింది. "కన్నుమూసింది" అనీ, "ప్రభువు దగ్గరికి పోయింది" అనీ ఎవరికి తోచినట్టు వాళ్ళు ఫోన్ల రాసిండ్రు. నేను గట్ల రాయను. మా పెద్దపల్లి దిక్కు రోడ్డు మీద, పొద్దుగూకే యాళ్ళ, నల్ల పట్టా కప్పిన వడ్ల కుప్ప చుట్టూ పేర్చిన రాళ్ళల్ల ఒకదానికి స్కూటీ తాకి, ఎగిరి పడి సచ్చిపోయింది. గిదీ సంగతి. తియ్యటి మాటలు నాకొద్దు.

సొంత అక్క కాదు. బోథ్ దిక్కు పిల్ల. జర్మనీల చదువుకునేటప్పుడు నాకంటె ముందటి ఏడు వచ్చింది. ఒక్కటే హాస్టల్, ఒక్కటే వంటిల్లు. పోయిన మొదటి రోజు సూట్‌కేస్ పట్టుకొని బిక్కమొగమేసి నిలబడితే, పిండి చేతులతోనే వచ్చి, "ఏ ఊరు చెల్లే? తిన్నవా?" అన్నది. గంతే, అప్పటిసంది అక్కనే.

విదేశాల చదువంటే ఇక్కడోళ్ళు ఫోటోలు జూసి మురుస్తరు. వారమంత క్లాసులు, సాయంత్రం గోదాంల డబ్బాలు మోసుడు, వచ్చి ఎవలో మాడవెట్టిన గిన్నె తోముకొని అన్నం వండుకునుడు, గదీ మా బతుకు. ఆదివారం దుకాణాలన్నీ బందు. ముసుగు తన్ని పడుకుందామంటే అక్క పడుకోనిస్తదా? పొద్దుగాల్నే ప్రార్థన చేసుకొని, గరిటె తీసుకొని మా తలుపుల మీద కొడుతుండె. "లేవుండ్రే! ఆదివారం పండుకున్నోళ్ళకు వారమంత నిద్రమొకమే!" జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయలు ఎల్లిపాయ దంచిన కారం మూటగట్టి మమ్ముల రైలెక్కించేది. ఆ కారాన్ని వాళ్ళ దిక్కు ఠేచా అంటరు. అది తిని మా కండ్లల్ల నీళ్ళు కారుతుంటె ఆమె నవ్వుడే నవ్వుడు.

ఒక ఆదివారం సంగతి చెప్పాలె. ఏటి ఒడ్డున పొయ్యి పెట్టుకునేందుకు జాగ ఉంటే నలుగురం పోయినం. మూడు రాళ్ళు తెచ్చి పొయ్యి పెట్టి, మక్క కంకులు కాల్చుకొని తిన్నం. వాన మబ్బు పట్టింది, బస్సు యాళ్ళయింది. అక్క పొయ్యి ఆర్పి, రాళ్ళ మీద నీళ్ళు పోసి, అవి సల్లారేదాకా కూసున్నది. మాతోని వచ్చిన కరీంనగర్ పిలగాడికి తిక్క లేసింది.

"అక్కా, బస్సు పోతది! ఏటి రాళ్ళు ఏట్లనే ఉంటయి. ఎవడడుగుతడు?"

"ఎవ్వడు అడుగకుంటనే తియ్యాలె. పెట్టినోళ్ళే తియ్యాలె. చీకట్ల ఎవని కాలుకన్న తాకితే, 'ఎవడురా పెట్టింది' అని తిడుతడు. ఆ ఎవడు నువ్వే బిడ్డా, ఎరుకనా?"

ఒక్కొక్క రాయి మోసుకపోయి, ఎక్కడ తెచ్చినమో ఆడ పెట్టొచ్చింది. బస్సు పోనే పోయింది. వానల తడుసుకుంట మిగిలిన రొట్టెలు తిన్నం. నాకైతే మస్తు కోపమొచ్చింది. ఆమెకేం ఫికర్? చున్నీ నెత్తిమీద కప్పుకొని, "ఇంకో బస్సు రాదా ఏందే" అన్నది.

చదువైనంక ఇద్దరం ఒకలెన్క ఒకలం వాపసొచ్చినం. ఆమెకు కరీంనగర్ల కొలువు, నాకు పెద్దపల్లిల. ఆదివారం అలవాటు మాత్రం ఆమె ఇడువలే. ఎవరొచ్చినా రాకున్నా రొట్టె కట్టుకొని స్కూటీ తీసేది. సచ్చిపోయిన రోజు గూడ రామగిరి ఖిల్లా ఎక్కి, దిగి, ఇంటికి పోతుండె. తను పెట్టిన పొయ్యి రాళ్ళు తియ్యకుండ రాలేని మనిషి, ఎవడో పెట్టిన రాయికి బలైంది. నాకు కడుపు మండుతది. ఇప్పటికీ మండుతనే ఉన్నది.

అక్కను మట్టి చేసేటందుకు బోథ్ పోయిన. అక్కడ ఒకాయన "దేవుడు పిలిచిండమ్మా" అన్నడు. "దేవుడు రోడ్డు మీద రాళ్ళు పెట్టడు సార్" అన్న నేను. ఇంకొకామె, "ఆడివిల్లకు ఒక్కదానికి గుట్టలెక్కుడు ఎందుకు?" అని గుసగుస. ఏం, గుట్ట సంపిందా ఆమెను? గుట్ట మంచిగనే దింపి పంపింది! అక్కను కన్న అవ్వ మాత్రం నా చెయ్యి పట్టుకొని ఒక్కటే అడిగింది. "ఆ వడ్లు ఎవలయి బిడ్డా?"

చెప్పలేకపోయిన. అక్క పడ్డ కాడి ఊర్ల అందరికి ఎరుకనే, ఒక్కడు నోరు తెరువడు. తెల్లారేసరికి వడ్లు మాయం. వడ్లు విలువైనయి గద, గింజ లేకుండ ఊడ్సుకపోయిండ్రు. రాళ్ళు ఆడనే ఉన్నయి.

ఆ మంటతోనే ఇంటికొచ్చిన. మా ఊరి మలుపుల చూస్తె సగం రోడ్డు మీద వడ్లు, మీద నల్ల పట్టా, అంచుకు వరుసగ రాళ్ళు. మా బాపు పార పట్టుకొని నిలవడ్డడు. అవి మా వడ్లు.

"బాపూ, తియ్యి ఆ రాళ్ళు!"

"పట్టా గాలికి లేస్తది బిడ్డా. తేమ ఉంటె కొనరు. కల్లం లేకపాయె, నేనేడ ఆరబొయ్యాలె? అందరు పోస్తలేరా?"

"అందరు పోస్తుండ్రనే మా అక్క సచ్చింది!"

మా బాపు మాట అబద్ధం కాదు. కల్లాలు కట్టియ్యనోళ్ళను కూడ తిడుత, ఒకసారి కాదు వందసార్లు తిడుత. గని ఆ రాయి తెచ్చి రోడ్డు మీద పెట్టింది వాళ్ళు కాదు. బాపు పార తిప్పుకుంట పోయిండు. ఆ రోజు ఇంట్ల నేను అన్నం ముట్టలే.

తెల్లారి అక్క పడ్డ జాగకు పోయిన. రాళ్ళన్ని తీసి పక్కన చేన్ల పడేసిన. ఒక్క రాయికి నీలం రంగు గీత ఉన్నది, ఆమె స్కూటీ రంగు. దాన్ని పడేయబుద్ధి కాలే. బండి మీద పెట్టుకొని మా మలుపుకు తెచ్చిన. బాపు వడ్ల కాడ కూసోని చాయ్ తాగుతుండు. రాయి ఆయన ముందట పెట్టిన.

"గిదేంది బిడ్డా?"

"గిదే బాపూ."

ఆ గీతను వేలుతోని ముట్టి చూసిండు. సగం చాయ్ అట్లనే కింద పెట్టిండు. తువ్వాల నడుముకు కట్టుకొని, లేచి, ఆ కొసకు పోయి మొదటి రాయి లేపిండు. అప్పుడే పట్టా గాలికి లేచింది. ఆయన పట్టించుకోలే. వంగుతుండు, లేపుతుండు, పొలం గట్టు దాకా మోస్తుండు, మల్ల వస్తుండు. మోకాళ్ళ నొప్పుల మనిషి. చూస్తుంటే నా కాళ్ళు ముందలికే పోతున్నయి.

పోలే. నిలవడి చూసిన. పెట్టినోళ్ళే తియ్యాలె.