రాధిక వెనక్కి తీసుకోని లైన్ క్లియర్

కరోనా తగ్గిన మరుసటి ఏడాది జగ్గయ్యపేట దగ్గర ఒక సెక్షన్‌కి అసిస్టెంట్ ఇంజినీరుగా, అంటే ఏఈగా, నాకు పోస్టింగు వచ్చింది. కరెంటు ఆఫీసులో నా మొదటి పోస్టింగు అదే, చివరిదీ అదే. ఇప్పుడు నందిగామలో ఐటీఐ విద్యార్థులకు విద్యుత్ భద్రత బోధిస్తున్నాను. ఆ సెక్షన్‌లో నాకు అప్పజెప్పినవి వేదాద్రి దారిలో ఒక సబ్‌స్టేషన్, దాన్నుంచి ఊళ్ళకు వెళ్ళే ఫీడర్లు, ఆ లైన్ల మీద పనిచేసే లైన్‌మెన్లు, సబ్‌స్టేషన్‌ని కనిపెట్టుకుని ఉండే షిఫ్ట్ ఆపరేటర్లు.

ఆపరేటర్లలో ఒక్కరే స్త్రీ, రాధిక. ఐటీఐ చదివి కాంట్రాక్టు మీద చేరారు. స్టాఫ్ ఆమెకు పెట్టిన పేరు ‘సరేనండి మేడం’. ఎవరు ఏది అడిగినా ఆమె నోట వచ్చే మొదటి మాట అదే. తోటి ఆపరేటరు సురేష్ డ్యూటీ మార్చుకోమంటే సరేనండి. మీటింగుకి టీ పెట్టమంటే సరేనండి. కరెంటు పోయిందని ఫోన్లో ఎవరైనా తిడితే, తప్పెవరిదైనా, క్షమించండి అనేవారు. ఇవన్నీ మర్యాదగా చెల్లిపోయేవే. చెల్లనిది ఒకటుంది. అది చెప్పాలంటే లైన్ క్లియర్ గురించి చెప్పాలి.

లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఆపరేటర్ దగ్గర లైన్ క్లియర్ తీసుకోవాలి. మేం ఎల్సీ అంటాం. ఆపరేటర్ ఆ ఫీడర్ బ్రేకర్ ఆపి, స్విచ్ తెరిచి, ‘మనుషులు పనిలో ఉన్నారు’ అనే బోర్డు తగిలిస్తారు. పని అయ్యాక ఎల్సీ ఎవరు తీసుకున్నారో వాళ్ళే స్వయంగా తిరిగి ఇవ్వాలి. అప్పుడే ఆపరేటర్ ఛార్జ్ చేయాలి, అంటే లైన్‌లోకి కరెంటు వదలాలి. నిబంధన ఇది. వాడుకలో మాత్రం పక్కనున్నవాడు ఫోన్ చేసి “అయిపోయిందక్కా” అంటే చాలు, రాధికతో సహా ఆపరేటర్లంతా ఛార్జ్ చేసేవారు. నేను సర్క్యులర్ ఇచ్చాను. అందరూ సంతకాలు పెట్టారు. వాడుక మారలేదు.

ఆ ఏడాది రాధిక వీక్లీ ఆఫ్ రోజుల్లో నందిగామలో ఆడవాళ్ళ ధ్యాన తరగతికి వెళ్ళడం మొదలుపెట్టారు. నడిపేది రిటైరైన ఒక హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ నేర్పిన సాధన చిన్నది. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు ఊపిరి పూర్తిగా వదలాలి. వచ్చే జవాబు భయంలోంచి వస్తోందా, లోపలున్న దేవుడికి ఒప్పుదలై వస్తోందా చూసుకోవాలి. ఆ తర్వాతే నోరు తెరవాలి. నాకు అప్పట్లో ధ్యానం మీద పెద్ద అభిప్రాయం లేదు. కానీ ఆపరేటర్ ఒక ఊపిరి సేపు ఆగడం సాంకేతికంగా మంచిదే అనిపించింది.

మొదటి ఫలితం సురేష్ మీద కనిపించింది. ఆదివారం డ్యూటీ మార్చుకోమని అతను అడిగితే రాధిక ఊపిరి వదిలి, కుదరదన్నారు.

“ఏంటక్కా, సరేనండి స్టాక్ అయిపోయిందా?”

“అయిపోయింది తమ్ముడూ. మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు.”

వేదాద్రిలో ఉన్న అయిదు నరసింహ రూపాల్లో యోగానందుడి ముందు ఎక్కువసేపు కూర్చుంటానని ఆమె ఒకసారి నాతో అన్నారు. కారణం అడిగాను. “సింహమే కదా సార్. అయినా అరవట్లేదు. కూర్చుంది, అంతే. అరవకపోయినా అది సింహం కాదని ఎవరూ అనుకోరు” అన్నారు.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం ఫీడర్ ట్రిప్పయింది, అంటే దానంతటదే ఆగిపోయింది. ఒక స్తంభం మీద ఇన్సులేటర్ పగిలింది. సీనియర్ లైన్‌మన్ ఖాసిం ఎల్సీ తీసుకుని, అసిస్టెంటు కోటేశుతో వెళ్ళాడు. నేను బ్రేకర్ తనిఖీకి వచ్చి కంట్రోల్ రూంలోనే ఉన్నాను. కాసేపటికి రాధిక బాబాయి వచ్చారు. ఆయనకు ఆ ఫీడర్ మీద ఐసు ఫ్యాక్టరీ ఉంది. కాంట్రాక్టరుకు చెప్పి రాధికను ఈ ఉద్యోగంలో పెట్టించింది ఆయనే.

అంతలో కోటేశు ఫోన్ చేశాడు. రాధిక స్పీకర్ ఆన్ చేశారు. “మేడం, అయిపోయింది. ఖాసిం అన్న దిగేశాడు. ఎర్త్ రాడ్లు కూడా తీసేశాం. ఇచ్చెయ్యండి.”

ఎర్త్ రాడ్లు లైన్‌ని నేలకు కలిపే రక్షణ. అవి తీసేశారంటే పని ముగిసిందనే లెక్క. రాధిక చెయ్యి బ్రేకర్ వైపు వెళ్ళలేదు. ఊపిరి వదలడం నాకు వినిపించింది.

“ఖాసిం గారికివ్వు.”

“నేను టీకొట్టు కాడికొచ్చేశా మేడం. ఆయన వెనకాలొస్తున్నాడు.”

“వెనక్కెళ్ళి మాట్లాడించు.”

ఖాసిం నంబరుకు చేస్తే ఎత్తలేదు. స్తంభాల దగ్గర ఫోన్ బండి సంచిలో పెట్టడం అతని అలవాటు.

“ఏవమ్మాయ్, దిగేశాడని చెప్పాడుగా. అక్కడ ఐసంతా నీళ్ళవుతోంది” అన్నారు బాబాయి.

“ఆయన చెప్పాలి బాబాయ్.”

“నేను చెబుతున్నాగా. ఈ కుర్చీలో నిన్నెవరు కూర్చోబెట్టారో మర్చిపోయావా?”

“మర్చిపోలేదు. అయినా ఇవ్వను.”

ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. ఆయన నా వైపు తిరిగారు. “ఏఈ గారూ, మీరన్నా చెప్పండి.”

“ఎల్సీ ఇచ్చింది ఆవిడండి. ఆవిడే తీసుకోవాలి. అందులో నా మాట కూడా చెల్లదు” అన్నాను. నిబంధన నిజంగా అంతే.

కోటేశు సణుక్కుంటూ వెనక్కి వెళ్ళాడు. తర్వాత ఫోన్లో వచ్చింది ఖాసిం గొంతే. ఎక్కడున్నారని రాధిక అడిగారు.

“పక్క స్తంభం దిగొచ్చా అమ్మా. జంపర్ తీగ వదులుగా కనపడితే, ఎటూ లైన్ ఆఫ్‌లోనే ఉంది కదా అని ఎక్కా.”

రాధిక ఎల్సీ నంబరు ఖాసిం చేత పలికించుకుని, మనుషులూ పనిముట్లూ కిందే ఉన్నాయని అతని నోటితోనే చెప్పించుకుని, ఫీడర్ ఛార్జ్ చేశారు. అప్పటికే బాబాయి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

వారం తర్వాత ఆయన కాంట్రాక్టరుతో ఆమె పొగరుగా ఉంటోందని చెప్పారు. నేను జరిగింది రాతపూర్వకంగా పంపాను. ఉద్యోగం నిలిచింది. ఆయన ఇంట్లో శుభకార్యానికి మాత్రం ఆమెకు పిలుపు రాలేదు. క్షమించమని ఫోన్ చేద్దామని చెయ్యి అలవాటుగా వెళ్ళిందని, ఊపిరి వదిలి చూసుకుంటే క్షమాపణకు తగిన తప్పేదీ దొరకలేదని రాధిక నాతో చెప్పారు. ఫోన్ చేయలేదు.

ఇంకో నెలకు ఖాసిమే ఇంటినుంచి ఫోన్ చేశాడు, కోటేశు తీసుకున్న ఎల్సీ తిరిగి ఇస్తానని.

“కోటేశుతో చెప్పించండి.”

“నాక్కూడానా అమ్మా?”

“మీకు కూడానండి.”

ఆ సాయంత్రం అతను నా దగ్గర గొణిగాడు. “మీ మేడం చాలా గట్టిదైపోయింది సార్.” ఆ తర్వాత ఎవరి ఎల్సీ వాళ్ళే తిరిగి ఇచ్చారు. సర్క్యులర్ మాత్రం పాతదే.

నా తరగతిలో బ్రేకర్, స్విచ్, ఎర్త్ రాడ్ల పాఠాలు పూర్తయ్యాక ఇంకో అభ్యాసం పెడతాను. ఒకరు ఆపరేటర్ కుర్చీలో కూర్చుంటారు. మిగతావాళ్ళు చుట్టాల్లా, పై అధికారుల్లా, స్నేహితుల్లా వచ్చి ఛార్జ్ చేయమని ఒత్తిడి చేస్తారు. కుర్చీలో ఉన్నవాళ్ళు ఊపిరి వదిలి, గొంతు పెంచకుండా కాదనాలి. ఆ మాట పైకి అనలేనివాళ్ళకు, మిగతా పరీక్షలన్నీ పాసైనా, ఎల్సీ ఇవ్వడం వచ్చినట్టు నేను మార్కులు వేయను.