ఆరింటికి నీళ్ళు

రెండు వీధుల వాళ్ళూ ఆమెను నీళ్ళక్క అనే పిలిచేవారు. మొగుడు నీళ్ళ ఆఫీసులో లైన్‌మన్. ఆ వీధుల మధ్య కొట్లాటలు మొదలైన ఏడాదే, వాల్వు తిప్పడానికి వంగినవాడు మళ్ళీ లేవలేదు. ఆ తూటా పైవీధిదో కిందవీధిదో ఈనాటికీ తేలలేదు. వారం తిరక్కుండానే ఆమె వాల్వు తిప్పే ఇనుప కడ్డీ భుజాన వేసుకుని వీధిలోకి వచ్చింది.

ముందు రెండు వీధుల తల్లులనూ కూడగట్టింది. "మీ కొడుకులకి చెప్పండమ్మా. ఆరింటి నుంచి ఏడింటి దాకా తుపాకి పేలిందా, నీళ్ళు వదలను. ఆ పూట ఎవరింట్లోనూ పొయ్యి వెలగదు."

ఒకరోజు ముందు పైవీధికి, మర్నాడు ముందు కిందవీధికి. వాల్వు దగ్గర అవతలి వీధి ఆడమనిషి కాపలా. మూడేళ్ళు ఆ గంటసేపు ఒక్క తూటా పేలలేదు. మేడల మీద తుపాకులు పట్టుకుని మీసాలు మెలేసిన మగమహారాజులు ఆ గంట మాత్రం పిల్లుల్లా పడి ఉండేవారు.

ఇప్పుడు శాంతి వచ్చిందట. ఊరు మళ్ళీ కట్టడానికి కమిటీ వేశారట. తొమ్మిదిమంది, తొమ్మిదిమందీ మగవాళ్ళే! అందులో ముగ్గురు నిన్నమొన్నటి దాకా ఆ మేడల మీద ఉన్నవాళ్ళే. సిగ్గుండక్కర్లేదూ?

నీళ్ళక్కను ఆఫీసుకు పిలిపించి నిలబెట్టే మాట్లాడారు. పైవీధివాడైన కమిటీ పెద్ద ఒక ప్రశంసాపత్రం చేతిలో పెట్టాడు. "చాలా కష్టపడ్డావమ్మా. ఇక ఇంటిపట్టున ఉండు. ఆ కడ్డీ మా బావమరిదికి ఇచ్చెయ్. రేపటి నుంచి వాడే లైన్‌మన్."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అయినా గొంతు పెంచకుండా, పెద్ద పక్కనే నిలబడ్డ బావమరిది వైపు తిరిగింది.

"బాబూ, రేపు నీళ్ళు ముందు ఎవరికి వదులుతావు?"

"ఇంకెవరికి? మన వీధికే," అన్నాడు బావమరిది, తడుముకోకుండా.

కిందవీధి సభ్యులు కుర్చీలు తన్ని లేచారు. ఒకడి చెయ్యి పాత అలవాటు కొద్దీ నడుము దగ్గరికి పోయింది. కమిటీ పెద్ద కుర్చీ వెనక్కి నక్కాడు.

"చూశారా మీ శాంతి? ఒక్క మాటకి నిలవలేదు," అంది నీళ్ళక్క. "నా మొగుణ్ణి తిన్నారు, చాలలేదా?"

ప్రశంసాపత్రం బల్ల మీద పడేసింది. కడ్డీ భుజానికెత్తుకుంది.

"రేపు కిందవీధి వంతు. ఆరింటికి వాల్వు తిప్పుతాను. బిందెలు మీరు మోసుకు రండి. ఈ కుర్చీల్లో మేం ఆడవాళ్ళం కూర్చుంటాం."

ఆమె గుమ్మం దాటేదాకా కడ్డీ కోసం ఒక్కడూ చెయ్యి చాపలేదు.