సింహాచలంలో తలనీలాలిచ్చిన ఏసుప్రభువు

నర్సీపట్నం నుంచి నాతవరం వైపు తిరిగే షేరు ఆటోల్లో అప్పలరాజు ఆటో ఒకటి. నలుగురు పట్టే చోట తొమ్మిదిమందిని కుక్కి, పదోవాణ్ణి తన పక్కన సగం సీటు మీద వేలాడదీసి, పెదవి మీద బీడీ పెట్టుకుని, ఎదురొచ్చే ప్రతి లారీవాణ్ణీ వాడి తాతముత్తాతలతో సహా పలకరిస్తూ పోయే రకం. మనసు వెన్న. నోరు మురిక్కాలవ. అలాంటివాడు ఏసుప్రభువయ్యాడంటే ఆ గొప్ప వాడిది కాదు, వాడి జుట్టుది.

ఆ జుట్టు కూడా వాడిది కాదు, సింహాచలం అప్పన్నది. కూతురు శ్రీదుర్గ పుట్టినప్పుడు ఏడవలేదు, కదల్లేదు. ఆసుపత్రిలో ఆయాగా ఉన్న సువర్ణమ్మ ఆ పిల్లని కాళ్లు పట్టి తలకిందులు చేసి, వీపు మీద రెండు చరిచి ఏడిపించింది. బయట నిలబడ్డ అప్పలరాజు అప్పన్నకి మొక్కేశాడు. "ఈ పిల్ల బతికి నా ఎదురుగా నడిసిందంటే, నడిసిన ఎంటనే నా తలనీలాలు నీకే తండ్రీ. అందాకా కత్తి తగల్నివ్వను." ఆ విధంగా వాడు ఇద్దరికి బాకీపడ్డాడు. అప్పన్నకి జుట్టు, సువర్ణమ్మకి పిల్ల. పిల్ల ఏడాదిన్నర దాటినా నిలబడలేదు. జుట్టు మాత్రం భుజాలు దాటింది, గెడ్డం గుండెల మీద పడింది.

సువర్ణమ్మ వెళ్లే చర్చికి దయాసాగర్ గారని ఒక పాస్టరు. శుభశుక్రవారం టీవీలో ప్రభువు సినిమా వచ్చిందంటే ఆయన బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. "ఇది వాక్యంలో లేదు. అదీ లేదు. ఈ గుర్రం ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంటూ ఆయన తప్పులు పడుతుంటే పాస్టరమ్మ గారు టీవీ కట్టేసి వంటింట్లోకి పోయేది. చివరికి ఈ ఏడు ఆయనకే పట్టుదల వచ్చింది. వాక్యం దాటకుండా, పొల్లు పోకుండా తానే సినిమా తీసి, ఈస్టరు సాయంత్రం చర్చి ఆవరణలో తెర కట్టి చూపిస్తానన్నాడు. కెమెరాకి పెళ్లి వీడియోలు తీసే సాల్మన్‌రాజు దొరికాడు. ప్రభువు దొరకలేదు.

"ప్రభువెందుకు దొరకడు? రోజూ నాతవరం ఆటో తోల్తన్నాడు" అంది సువర్ణమ్మ.

పాస్టరు గారు అప్పలరాజుని చూసి పెదవి విరిచాడు. ప్రభువుకి పొడుగు జుట్టుందని సువార్తల్లో ఎక్కడా లేదనీ, మగవాడికి పొడుగు జుట్టు అవమానమని బైబిల్లోనే పౌలు గారు రాశారనీ విడమరిచి చెప్పాడు.

"పౌలు గారు ఏటైనా రాసుకోనీండి అయ్యగారూ. మా ఇంట్లో కేలండర్లో ప్రభువుకి జుత్తుంది. జుత్తు లేని ప్రభువుకి మేం దండం ఎట్టం."

సువర్ణమ్మ మాట దాటితే చర్చి మహిళా సంఘం మొత్తం ఎదురు తిరుగుతుంది. పాస్టరు గారు సరేనన్నాడు. అప్పలరాజూ సరేనన్నాడు. తన పిల్లకి ఊపిరి పోసిన మనిషి ఎదురుగా నిలబడి "ఆకరి దాకా ఉంటావేట్రా?" అని అడిగితే "ఉంటాను మామ్మా" అనక ఏమంటాడు?

షూటింగు మొదలైంది. ప్రభువు మేడగదిలో శిష్యులతో ఆఖరుసారి తినే కడరా భోజనం సీను నాడే యుద్ధం. ఆ రోజుల్లో బల్లలూ కుర్చీలూ లేవు, నేల మీద ఒరిగి తినేవారు అన్నాడు పాస్టరు గారు. ఒరిగితే కెమెరాకి అందరూ జ్వరమొచ్చి పడుకున్నట్టున్నారు అన్నాడు సాల్మన్‌రాజు.

"సినిమా అన్నాక కాస్త స్వేచ్ఛ ఉండాల సార్. ప్రభువు ఎనక ఫేనెట్టి జుత్తు ఎగరేత్తాను. స్లో మోషన్లో రొట్టి విరుత్తారు."

"మేడగదిలో ఫేను ఎక్కడిదయ్యా?"

"మరి బల్లుందేటి మీ మేడగదిలో?"

అరుపులు ముదిరి శిష్యులు అలిగి టీలకి పోయారు. తిరిగొచ్చేసరికి ప్రభువు గోడ వెనక బీడీ కాలుస్తున్నాడు. సువర్ణమ్మ ఆ బీడీ పెదాల మీంచి లాగి కాలికింద నలిపింది.

"ఇలగ ఎవులైనా సూస్తే? కళ్లు పోతాయి."

"ఎవులికి మామ్మా? నాకా, సూసినోళ్లకా?"

"ఇద్దరికీను!"

అప్పటినుంచి వాడి బతుకు వాడిది కాకుండా పోయింది. చర్చి వాళ్లు ఆటో ఎక్కితే కాళ్లు వాడికి తగలకుండా ముడుచుకుని కూర్చునేవారు. ఒక ముసలాయన దిగుతూ దిగుతూ మోకాలి నొప్పికి ప్రార్థన చెయ్యమన్నాడు. ఎదురొచ్చిన లారీ అద్దం రాసుకుపోయినా పన్నెత్తి తిట్టడానికి లేదు. తిట్లన్నీ గొంతులో పేరుకుపోయి వాడికి ఎక్కిళ్లు పట్టుకున్నాయి.

ఇదంతా ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఇంకా సిలువ సీనూ, పునరుత్థానం సీనూ మిగిలుండగా జరిగింది. స్టాండులో ఖాళీగా ఉన్నప్పుడు పిల్లని ఆటో పక్కన నిలబెట్టి టైరు గాలి చూసుకుంటున్నాడు. తలెత్తేసరికి శ్రీదుర్గ రెండు చేతులూ చాచి, తూలుతూ నడిచి వచ్చి వాడి మెడ పట్టుకుంది.

మరో తండ్రైతే ఊరంతా మిఠాయి పంచును. అప్పలరాజు గబుక్కున పిల్లని ఎత్తుకుని చుట్టూ చూశాడు. ఎవరూ చూడలేదు. పెళ్లాం లోవలక్ష్మి చూడలేదు. కిందికి దించకపోతే అప్పన్న కూడా చూడడని వాడి లెక్క! ఎనభై కిలోమీటర్ల అవతల కొండ మీద ఉన్న దేవుడికి పిల్ల అరికాళ్లు కనబడకుండా దాచేద్దామనుకున్న ఇంత తెలివైనవాణ్ణి నర్సీపట్నం మళ్లీ కనదు. ఆ రోజునుంచి పిల్ల వాడి చంకలోనే. అన్నం తింటే చంకలో, ఆటో తోలితే ఒళ్లో.

"నేల తగిలితే పిల్లకి జలుబు సేత్తాది" అన్నాడు పెళ్లాంతో.

"ఎండలు మాడిపోతంటే జలుబేటి? మతిపోనాదేటి నీకు?" అంది లోవలక్ష్మి. అయినా మొగుడి ప్రేమకి లోపల లోపల మురిసింది, పిచ్చిది.

సిలువ సీను తాండవ రిజర్వాయరు పక్కన మెట్ట మీద పెట్టారు. సిలువ దగ్గర ఏడ్చే ఆడవాళ్లు కావాలంటే సువర్ణమ్మ లోవలక్ష్మిని కూడా గుంపులో నిలబెట్టింది. అప్పలరాజుని సిలువకి తాళ్లతో కట్టారు, పిల్ల తల్లి చంక ఎక్కింది. వాడు ఊరంతటికీ దాచాడు గానీ, పెళ్లానికి ఒక్క మాట చెప్పడం మరిచిపోయాడు.

"ఏడవండి!" అని అరిచాడు సాల్మన్‌రాజు. ఆడవాళ్లు ఏడుపు అందుకున్నారు. లోవలక్ష్మికి నిజంగానే దుఃఖం పొంగుకొచ్చింది. కట్టిపడేసిన మొగుణ్ణి చూస్తూ, కొంగుతో కళ్లు ఒత్తుకోవడానికి పిల్లని కిందికి దించబోయింది.

సిలువ మీంచి ప్రభువు పొలికేక పెట్టాడు. "దించకే! పిల్లని దించకే నీయమ్మ!"

"కట్!" పాస్టరు గారు పరిగెత్తుకొచ్చాడు. "సిలువ మీద ప్రభువు పలికినవి ఏడు మాటలయ్యా! 'దించకే' అన్నది అందులో లేదు!"

ఆయన మాట ఎవరూ వినలేదు. పిల్ల నడుస్తోంది. దుమ్ములో తప్పటడుగులు వేసుకుంటూ, రోమా సైనికుల ఈటెల మధ్యనుంచి, "నానా, నానా" అంటూ నేరుగా సిలువ కిందికి పోయింది. మధ్యలో ఒక సైనికుడు ఈటె పారేసి చెయ్యి అందించాడు కూడాను.

లోవలక్ష్మి ఏడుపు ఆగిపోయింది. "ఏవయ్యా! ఇది నడుత్తందని నీకు ముందే తెల్సా?"

చేతులు కట్టి ఉన్నవాడు ఎక్కడికి పారిపోతాడు? తల వేలాడేశాడు. సాల్మన్‌రాజు అది కూడా తీశాడు. సినిమా మొత్తంలో అంత బాగా వేలాడిన తల అదొక్కటే.

"రేప్పొద్దున్న మొదటి బస్సుకి సింహాచలం" అంది లోవలక్ష్మి.

"ఇంకొక్క సీనేనమ్మా. ఆదివారం దాకా ఆగలేవా?" అని బతిమాలాడు పాస్టరు గారు.

"మీ దేవుడికి ఇచ్చిన మాట మీరు దాటతారేటి బాబుగారూ? మరి నా పిల్ల కాళ్లకి మీరు పూచీయా?"

అందరూ సువర్ణమ్మ వైపు చూశారు. ఆవిడ దుమ్ములో చతికిలబడి, శ్రీదుర్గ మడమలు రెండూ చేతుల్లోకి తీసుకుని చూస్తోంది. ఒకప్పుడు తలకిందులుగా పట్టుకున్నవి ఆ కాళ్లే.

"ఎళ్లనీండి అయ్యగారూ" అంది తల ఎత్తకుండా. "కోటవురట్లలో నాటకాలోళ్ల కాడ సవరం తెత్తాను."

పునరుత్థానం సీను జీడిమామిడి తోటలో. మోటారు గదే సమాధి. థర్మోకోల్‌తో చేసిన బండ దేవదూత తాకకముందే గాలికి దొర్లిపోయి కంచెలో పడింది. సవరానికి వెళ్లిన సువర్ణమ్మ ఇంకా రాలేదు. పాస్టరు గారు తల పట్టుకుని జీడిచెట్టు కింద కూలబడ్డాడు. మగ్దలేనే మరియ వేషం స్కూలు టీచరు రాచెల్‌ది. కళ్లలో గ్లిజరిన్ పోసుకుని, మంటకి కళ్లు తెరవలేక మోటారు గది దగ్గర నిజంగానే ఏడుస్తోంది. సాల్మన్‌రాజు వెలుతురు చూసుకోవడానికి కెమెరా తిప్పుతున్నాడు. ఆ చివర గుండుకి గంధం, నున్నటి గెడ్డం, అంగీ పైకి చెక్కి ఒక మనిషి చెదిరిన థర్మోకోల్ ముక్కలు ఏరుతున్నాడు.

రాచెల్ అటు తిరిగింది. "బాబూ, తోట నువ్వు సూత్తావా? మా అప్పలరాజుని ఎక్కడ దాసేరయ్యా? ఎక్కడున్నాడో సెప్పు, నేనే ఎళ్లి తెచ్చుకుంటాను. కళ్లు మండిపోతన్నాయి నాకు!"

"రాచెలమ్మా!" అన్నాడు ఆ మనిషి. పొద్దున్నే స్టాండులో 'నాతవరం, నాతవరం' అని కేకలేసే గొంతు.

రాచెల్ ఉలిక్కిపడి, ఆ గుండు వంక చూసి, "ఓలమ్మో, నువ్వా!" అని మోకాళ్ల మీద కూలబడింది.

చెట్టు కింద పాస్టరు గారు మెల్లగా లేచాడు. బైబిలు తెరిచాడు. ఒకసారి చదివాడు, మళ్లీ చదివాడు. మరియ ప్రభువుని గుర్తు పట్టలేదు. తోటమాలి అనుకుంది. ఎక్కడ పెట్టావో చెప్పు, తీసుకుపోతాను అంది. ఆయన పేరు పెట్టి పిలిస్తే అప్పుడు తెలుసుకుంది. ఇన్నాళ్ల షూటింగులో పొల్లు పోకుండా వాక్యప్రకారం జరిగిన సీను ఇదొక్కటే, అదీ ఎవరూ చెయ్యమనకుండా.

"తీశావా?" అన్నాడు.

"తీసేను సార్. ఫేను లేదు మరి, పర్లేదా?"

ఈస్టరు సాయంత్రం తెర మీద గుండు ప్రభువు కనబడగానే ఆవరణంతా గుసగుస. వాడని సవరం సంచిలో పెట్టుకుని అప్పటిదాకా మూతి ముడుచుకుని కూర్చున్న సువర్ణమ్మ లేచి నిలబడింది. "ఇదేటి అయ్యగారూ, మా ఏసయ్యని ఇలగ సేసేరు?"

పాస్టరు గారు వాక్యం చదివి వినిపించాడు. ఆవిడ తెర వంక చూసి, ఏడుస్తున్న మరియ వంక చూసి కాస్త ఆలోచించింది.

"మరలగ సెప్పరేటి? గుండైతే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు" అని కూర్చుంది. గుసగుస అణిగిపోయింది.

మర్నాడు స్టాండులో అప్పలరాజుని ఎవరూ పోల్చలేదు. కాళ్లు ముడుచుకున్నవాళ్లు లేరు, మోకాలి నొప్పులు లేవు. ప్రాణం లేచొచ్చి వాడు బీడీ ముట్టించాడు. ఓ లారీవాడు అడ్డొస్తే పేరుకున్నదంతా ఒక్కసారి వదిలించుకున్నాడు, ఎక్కిళ్లు కూడా పోయాయి. పక్క సీటు మీద ఎక్కిన ముసలామె వాణ్ణి మోచేత్తో పొడిచింది.

"జరగరా గుండోడా. మనిసికి సోటు లేదు. ఎప్పుడూ మా అప్పలరాజు ఆటో ఎక్కుదును, ఈవేళ ఆడెక్కడ సచ్చేడో!"

వాడు పొగ వదిలి, అలవాటుగా కేకేశాడు. "నాతవరం, నాతవరం!"

ఆ గొంతుకి, వెనక సీట్లోంచి సువర్ణమ్మ చెయ్యి వాడి పెదాల దాకా వచ్చింది. బీడీ రోడ్డు మీద పడింది.