మా కారుకు బరువు కావలెను

చదువు ఎక్కువైన మనిషి కట్టుకున్నవాడి నడుముకి ఎంత చేటు చేయగలదో చెబుదామని కూర్చున్నాను. ఇది నా ఘనకార్యమే. దాచుకుందామనే చూశాను గానీ, మా కాలనీలో ఇది తెలియని ఇల్లు లేదు. ఇక మీ దగ్గర దాచి ఏం లాభం?

ముందు నా అర్హతలు వినండి. నేను బహదూర్‌పురాలో ఒక బడిలో ఫిజిక్సు చెప్తాను. గట్టి స్ప్రింగు తక్కువ వంగుతుందనీ, మెత్తటిది ఎక్కువ వంగుతుందనీ బోర్డు మీద బొమ్మ గీసి మరీ వివరిస్తాను. అర్థం కాని పిల్లల్ని "బుర్ర ఏడ పెట్టినవ్?" అని అడుగుతాను కూడా. ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి, కాసేపయ్యాక నన్ను అడగడానికి పనికొస్తుంది.

మా ఆయన నర్సింగ్‌కి శాలిబండలో ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం ఉంది. అద్దాలు మోసీ మోసీ మూడేళ్ల కిందట నడుములో డిస్కు జారింది. డాక్టరు ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసి, "నాలుగు నెలలు కుదుపు తగలొద్దు. స్కూటర్ బంద్. తగ్గితే సరే, లేదంటే ఆపరేషన్" అన్నాడు. ఆ మాటతో మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. వాళ్లన్న అలాంటి ఆపరేషనే చేయించుకుని ఏడాది మంచం దిగలేదు. ఆ ఏడాది వాళ్లిల్లు ఎంత కటకటగా గడిచిందో మా ఇద్దరికీ తెలుసు. అందుకే కుదుపు అనే మాట వింటేనే భయపడే రోజులవి.

మేముండేది జల్‌పల్లిలో ఒక కొత్త కాలనీ. ఇళ్లు ముందొచ్చాయి, రోడ్డు వెనకాల వస్తానంది, ఇంకా రాలేదు. ఆ గుంతల్లో మా ఆయన్ని దుకాణానికి చేర్చడానికి ఒక పాత కారు కొన్నాం. నడిపేది నేనే. కొన్న పది రోజులకే వెనకాల ఒక స్ప్రింగు విరిగింది. దుకాణం వెనక గల్లీలో యూసుఫ్ భాయ్ అని మెకానిక్ ఉంటాడు. కారు కింద దూరి, బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"రెండు దినాలు ఆగుండ్రి మేడం. మీ బండికి సరిపోయేటివి నేను తెస్త."

"ఏ కంపెనీవి భాయ్? వారంటీ కాయితం ఇస్తవా?"

"కాయితం ఎందుకు మేడం? నేనున్న కదా గల్లీల."

ఎదురుగా నిలబడ్డ మనిషి మాట నాకు ఆనలేదు. ఇంటికెళ్లి ఫోను పట్టుకుని, మొహం తెలియని వాళ్లు రాసిన రివ్యూలన్నీ చదివాను. ఒక ఆన్‌లైన్ కంపెనీ స్ప్రింగుల కింద ఒకాయన "చాలా గట్టిగా ఉన్నాయి, ఐదు స్టార్లు" అని రాశాడు. ఇంకొకాయన "ఇరవై టమాటా డబ్బాలు వేసినా బండి వంగలేదు" అని ఫొటో కూడా పెట్టాడు. ఆహా, ఇరవై డబ్బాలకే వంగనిది మా ఆయనకి ఎంత సుఖంగా ఉంటుందో అనుకున్నాను. మా ఆయన టమాటా కాదన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు. బుర్ర ఎక్కడ పెట్టానని మీరు అడగాల్సింది ఇక్కడే.

పెట్టె వచ్చింది. యూసుఫ్ భాయ్ స్ప్రింగును చేతిలో తిప్పి చూశాడు.

"మేడం, గివి మస్తు సఖ్త్ ఉన్నయి. సామాన్ మోసే బండ్లకు పెడ్తరు."

"గట్టిగుంటే మంచిదే కదా భాయ్."

ఆయన ఒకసారి నన్ను, ఒకసారి మా ఆయన నడుముని చూసి, "మీ మర్జీ" అని బిగించాడు. పాత స్ప్రింగుల్ని అదే పూట ఇనప సామాను కొనేవాడి బండిలో వేయించేశాను. వెనక్కి వచ్చే దారి కూడా నా చేతులతోనే మూసుకున్నానన్నమాట.

మర్నాడు పొద్దున కారు తోక పైకి లేపి నిలబడింది. కాలనీ గేటు దాటేలోపే సంగతి తెలిసిపోయింది. ప్రతి గుంతా సీట్లోంచి నేరుగా వెన్నులోకి తగులుతోంది. మా ఆయన తలుపు పైన ఉన్న పిడిని రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని, "ఇంకెన్ని బ్రేకర్లున్నయే?" అని మాత్రం అడిగాడు. తిట్టినా బాగుండేది. శాలిబండలో దిగాక ఆయన గోడ పట్టుకుని నడుస్తుంటే, ఆపరేషన్‌ని నేనే పార్సిల్లో తెప్పించానేమో అనిపించింది.

ఆ రోజే కంపెనీకి ఫోన్ చేశాను.

"నమస్కారం మేడమ్! మీ సమస్య వినడం మాకెంతో ఆనందం."

"మీకు ఆనందం ఎందుకమ్మా? స్ప్రింగులు రాళ్ల లెక్క ఉన్నయి. వాపస్ తీసుకోండ్రి."

"బిగించారా మేడమ్?"

"బిగించిన."

"బిగించిన వస్తువు వాపసు తీసుకోమండీ."

"బిగించకుంటే గట్టిగున్నయని ఎట్ల తెలుస్తది?"

"మంచి ప్రశ్న మేడమ్. పై అధికారికి పంపిస్తాను."

పై అధికారి మూడు రోజులకి దొరికాడు. "విప్పి మాకు పంపండి. పరీక్ష చేసి నెల రోజుల్లో చెప్తాం" అన్నాడు.

"అప్పటిదాంక మా బండి దేని మీద నిలబడాలె సార్?"

"ఇది కూడా మంచి ప్రశ్నే మేడమ్."

ఇన్నేళ్ల ఉద్యోగంలో నా పిల్లలకి నేను అన్నిసార్లు "మంచి ప్రశ్న" అనలేదు. పోనీ వేరే స్ప్రింగులు పెట్టుకుంటానంటే, "పెట్టుకుంటే మీ ఫిర్యాదు రద్దయిపోతుంది" అన్నారు. ఫిర్యాదు రద్దయితే నేను ఓడిపోయినట్టే కదా! మా ఆయన నడుము ఒకవైపు, నా పంతం ఒకవైపు. ఆ వారం నేను పంతం వైపు నిలబడ్డానని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత ఫొటోలు అడిగారు. కారుని చదునైన నేల మీద నిలబెట్టి, చక్రం పక్కన స్కేలు పెట్టి తీయాలట. మా కాలనీలో చదునైన నేల ఎక్కడుంది? వెతగ్గా వెతగ్గా పెద్ద రోడ్డు పక్కన ఒక ఫంక్షన్ హాలు ముందు కనపడింది. నేను బడి స్కేలు పట్టుకుని చక్రం దగ్గర గొంతుక్కూచుంటే వాచ్‌మన్ వచ్చాడు.

"ఎవరి తరఫు అమ్మా? పిల్లదా, పిలగానిదా?"

"స్ప్రింగుల తరఫు. రెండు నిమిషాలు ఆగు అన్నా."

"కార్డు ఉన్నదా?"

కార్డు లేదు గానీ ఫొటో దక్కింది. కంపెనీ జవాబు వారానికి వచ్చింది. "ఫొటోలో రంగు దీపాలు కనిపిస్తున్నాయి. అలంకరణ వల్ల బండిలో కలిగిన మార్పులకు వారంటీ వర్తించదు." ఆ మెసేజు చదివి మా ఆయన నవ్వబోయి, నడుము పట్టేసి ఆపుకున్నాడు. అది చూశాక నా పంతం కొంచెం వంగింది. ఆయన్ని కారులో కూర్చోబెట్టుకుని నేరుగా యూసుఫ్ భాయ్ దగ్గరికే వెళ్లాను.

ఆయన ఒక్క మాట దెప్పలేదు. గ్యారేజీలో ఖాళీగా కూర్చున్న ఇద్దరు గిరాకీల్ని వెనక సీట్లో కూర్చోబెట్టి, తనూ ఇరుక్కుని, "ఇగ నడపుండ్రి" అన్నాడు. గల్లీ చివర పెద్ద గుంత ఉంది. నేను పళ్లు బిగించి పోనిచ్చాను. ఏమీ కాలేదు! కారు మెత్తగా దిగి మెత్తగా లేచింది. ముందు సీట్లో మా ఆయన కళ్లు తెరిచి నావైపు చూశాడు.

"బండికి బీమారీ ఏం లేదు మేడం. ఖాళీగ ఉన్నది, గంతే. బరువు పడితే గా స్ప్రింగ్ పని చేస్తది" అన్నాడు యూసుఫ్ భాయ్.

నేను బోర్డు మీద గీసే బొమ్మ అదే. గ్రీజు చేతుల మనిషి దగ్గర మళ్లీ నేర్చుకున్నాను.

మరి రోజూ బరువెక్కడ తేవడం? ఇక్కడ నా అసలు గుణం చెప్పాలి. మా కాలనీ చివర షేర్ ఆటోల స్టాపు ఉంది. పక్కింటి సుల్తానా ఆపా కుట్టిన బట్టల మూటతో రోజూ అక్కడే నిలబడుతుంది, శాలిబండ దుకాణాలకి ఇవ్వాలి. వెనక వీధి మేరమ్మక్క కూడా అక్కడే ఉంటుంది, బహదూర్‌పురాలో ఒక ఆస్పత్రిలో ఆయా. ఇద్దరిదీ మా దారే. అయినా కారు కొన్ననాటి నుంచీ ఆ స్టాపు రాగానే నేను అద్దం సర్దుకునేదాన్ని. అద్దం సర్దుకుంటే పక్కకి చూడక్కర్లేదు కదా. ఒకసారి ఎక్కించుకుంటే రోజూ ఎక్కించుకోవాలేమోనని భయం.

మర్నాడు మొదటిసారి అక్కడ కారు ఆపాను. మనుషుల్ని చూసి "వీళ్లు ఎన్ని కిలోలుంటారు?" అని ఆశగా లెక్కేసుకున్నది కూడా అదే మొదటిసారి.

"ఆపా, రా, ఎక్కు. మేరమ్మక్కా, నువ్వు గూడ. మూట డిక్కీల పెట్టు."

"నీకెందుకు తక్లీఫ్ టీచరమ్మా?"

"తక్లీఫ్ ఏంది ఆపా, మా దారే కదా!" అన్నాను, పుణ్యాత్మురాలి మొహం పెట్టి.

ఇద్దరూ దీవించారు. ఆ దీవెనలు మాత్రం నాకు లోపల గుచ్చుకున్నాయి. కారు మెత్తగా సాగింది. రోజులు గడిచేకొద్దీ మా ఆయన పిడి పట్టుకోవడం మానేశాడు. కళ్లు తెరిచి కూర్చుని మేరమ్మక్క చెప్పే ఆస్పత్రి కబుర్లు వినేవాడు. కంపెనీ మీద కోపం మాత్రం నాకు చల్లారలేదు. ఒక రోజు జరిగిందంతా పూసగుచ్చినట్టు రాసి పంపాను. వాళ్లు ఏదీ చదవరన్న ధైర్యంతోనే రాశాను.

నాలుగు నెలలు నిండాయి. డాక్టరు చూసి ఆపరేషన్ అక్కర్లేదన్నాడు. మా ఆయన అక్కడే కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు, నేనూ తుడుచుకున్నాను. ఆ మర్నాడు పొద్దున నలుగురం కారులో వెళ్తుంటే ఫోన్ మోగింది. నా చేతులు స్టీరింగు మీదున్నాయి, మా ఆయన స్పీకరు నొక్కాడు.

"నమస్కారం మేడమ్! మీ ఫిర్యాదు మొత్తం చదివాను."

నాలుగు నెలల్లో వాళ్ల నోట నేను విన్న మొదటి మంచి మాట అదే.

"ఒకసారి చదువుతాను, సరిచూసుకోండి. 'మీ స్ప్రింగుల పుణ్యమా అని బరువు కోసం రోజూ పక్కింటావిడనీ, ఆవిడ మూటనీ, ఇంకొకావిడనీ ఎక్కించుకోవాల్సి వస్తోంది. వీళ్లు లేకపోతే బండి నడవదు.' ఇదే కదా మేడమ్?"

ఎంత శ్రద్ధగా, ఎంత స్పష్టంగా చదివిందో! ముందు బస్సు, వెనక లారీ, దిగి పారిపోవడానికి కూడా వీల్లేదు.

"పక్కింటావిడ అంటే నేనే కదా టీచరమ్మా?" అంది సుల్తానా ఆపా.

"ఆపా... అది... కోపంల రాసిన..."

"ఫికర్ చెయ్యకు. నాకు మొదటి దినమే ఎర్క. నర్సింగ్ భాయే చెప్పిండు." మా ఆయన కిటికీలోంచి ఆకాశాన్ని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. "నా మూటల సగమే గిరాకీల బట్టలు. తక్కిన సగం మా ఇంట్ల పాత బొంతలు. రోజు తెస్త, రోజు పట్కపోత. బరువుంటే భాయ్ నడుముకు మంచిదంట గద!"

"నా సంచిల మసాల నూరే రాయి ఉన్నది" అంది మేరమ్మక్క, తనెక్కడ వెనకబడిపోతానో అన్నట్టు.

నా కళ్లు మసకబారాయి. బస్సుని గుద్దకుండా ఆపడమే గొప్ప.

"మేడమ్, లైన్లో ఉన్నారా? మెత్తటి స్ప్రింగులు పంపడానికి మావాళ్లు ఒప్పుకున్నారు."

"వద్దమ్మా, మాకు బరువు దొరికింది" అన్నాడు మా ఆయన.

"అయితే సమస్య పరిష్కారమైనట్టు రాసుకుంటాను. మా సేవకి ఐదులో ఎన్ని స్టార్లు ఇస్తారు?"

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి ఆపా అంది, "ఐదూ ఇయ్యి బిడ్డా. వాళ్ల స్ప్రింగులు మంచిగుంటే నువ్వు మా కాడ కారు ఆపేదానివా?"

ఐదూ ఇచ్చాను. రివ్యూ రాయమంటే "చాలా గట్టిగా ఉన్నాయి" అని రాశాను. అది చదివి ఎవరైనా కొంటే నాకు సంబంధం లేదు.

ఇక ఆపా బొంతలు, మేరమ్మక్క రాయి, యూసుఫ్ భాయ్ గ్రీజు చేతుల సాక్షిగా నా ప్రమాణం ఇది. టమాటాల మాట నమ్మి మనిషి నడుముకి ఏదీ కొనను. గల్లీలో ఉన్న మనిషిని వారంటీ కాయితం అడగను. ఆ స్టాపు దగ్గర, బతికుండగా, అద్దం సర్దుకోను.