అప్నా ఖూన్ కావాలన్నారు

జూలై నెల మూడో సోమవారం, పొద్దున్న తొమ్మిది దాటి పది నిమిషాలకు, పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఆసుపత్రిలో నా ఎడమ చేతి నరంలోకి సూది దిగింది. టైము తప్పు రాయడం లేదు. సూది దిగుతుంటే చేతిని చూడలేక ఎదుటి గోడ మీది గడియారాన్నే చూస్తూ కూర్చున్నాను. అదీ ఒంటి కంటితోనే.

ఆ రక్తంతో నా కంటికే చుక్కలమందు చేశారు. వింతగా ఉంటే ఉండనీ, నాకూ అలాగే ఉండింది.

నేను ఓడల్లో కళాసీగా పనిచేసినవాణ్ణి. ఫీనిక్స్ బే జెట్టీలో తాళ్లు విసిరి, తాళ్లు బిగించి, ఉప్పుగాలిలోనే ముసలివాణ్ణయ్యాను. అక్షరాలు రిటైరయ్యాక వచ్చాయి. నా కూతురు నేర్పింది. అంతకుముందు చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుని, పక్కవాడు పేజీ తిప్పితే నేనూ తిప్పేవాణ్ణి. ఇప్పుడు ఆదివారం వాక్యం చదివేది నేనే. చదువు ఆలస్యంగా వచ్చినవాడికి దాని మీద యావ ఎక్కువ. దుకాణం బోర్డూ చదువుతాను, బజ్జీలు చుట్టిచ్చిన కాగితమూ చదువుతాను.

అలాంటిది కళ్లలో తడి ఆరిపోయింది. రెప్ప వేస్తే ఇసుక గీరినట్టుండేది. చుక్కలిచ్చారు, సీసా మీద సీసా అయిపోయింది, మంట తగ్గలేదు. చివరికి కుడి కంటి నల్లగుడ్డు మీద పుండు పడింది. అది మానకపోతే కొన్నాళ్లు రెప్పలు రెండూ కలిపి కుట్టేయాలన్నాడు డాక్టరు. ఆ మాట విన్నప్పటి నుంచి నా కాలు ఒకచోట నిలవలేదు.

ఆ తర్వాత వెళ్లినప్పుడు ఆయన కొత్త మాట చెప్పాడు. డాక్టరు ఉత్తరాది మనిషి, హిందీ తప్ప రాదు. "చాచా, బాజార్ కీ దవా సే నహీ హోగా. అప్నా ఖూన్ చాహియే. ఉసీ సే దవా బనేగీ." బజారు మందుతో కాదు, అప్నా ఖూన్ కావాలి, దానితోనే మందు తయారవుతుంది అని. సోమవారం రమ్మన్నాడు. మందు ఇంటికి తీసుకెళ్లడానికి ఐసు డబ్బా తెచ్చుకోమన్నాడు.

దీవుల్లో అప్నా ఖూన్ అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పాలా? జెట్టీ మీద అన్నదమ్ములు కలబడితే పెద్దవాళ్లు అడ్డం పడి "అరే, అప్నా ఖూన్ హై, ఛోడ్" అంటారు, మన రక్తమేరా వదిలెయ్ అని. తెలుగులో మాత్రం? సొంత రక్తమంటే కన్నబిడ్డ. ఆ అర్థమే పట్టుకుని లేచి వచ్చేశాను. డాక్టరును తిరిగి అడగలేదు. ఓడలో కెప్టెన్‌నూ నేను తిరిగి అడిగి ఎరగను.

నా కూతురు అప్పుడు బయట మందుల వరసలో నిలబడి ఉంది. లోపలే ఉండి ఉంటే ఇదంతా రాయాల్సిన పని పడేది కాదు.

కూతురి సంగతి ఇక్కడ చెప్పాలి. నేను పెళ్లాడేనాటికి నా భార్యకు మొదటి భర్త పోయాడు, చంకలో పిల్ల ఉంది. ఆ పిల్లే ఈ కూతురు. తర్వాత మాకొక కొడుకు పుట్టాడు. వాడు ఫెరార్‌గంజ్‌లో టిప్పర్ నడుపుకుంటూ అక్కడే కాపురం పెట్టాడు. భార్య పోయాక నేను సిప్పీఘాట్‌లో కూతురి దగ్గరే ఉంటున్నాను. అది జాకెట్లు కుడుతుంది. నన్ను ఆసుపత్రికి తిప్పేది అదే, రెప్ప విప్పి చుక్క వేసేది అదే. నేను కన్న తండ్రిని కానని ఊరందరికీ తెలుసు, దానికీ తెలుసు. ఇంట్లో మాత్రం ఆ మాట ఎప్పుడూ ఎవరి నోటా రాలేదు. ఆ రోజు తిరుగు బస్సులో నా నోట వచ్చింది.

"ఏటన్నాడు నాన్నా డాక్టరు?"

"రగతంతో మందు సేస్తారంట. తమ్ముడికి ఫోన్ కొట్టు, సోమారం రమ్మను."

"ఆడెందుకూ? సూదంటే ఆమడ దూరం పారిపోతాడు. నాది తీసుకోమను."

"నీది పనికిరాదు. అప్నా ఖూన్ గావాలన్నాడు."

అది కిటికీ వైపు తిరిగింది. "సరే నాన్నా" అంది.

నా కూతురు సరే అనే మనిషి కాదు. దానికి నోరెక్కువ. చుక్కలు వేసేటప్పుడు "ఒడ్డున పడ్డ సేపలాగ అలగ కొట్టుకుంటావేటి, కదలకు" అని కసిరేది. ఇప్పుడు మాట లేకుండా వేసి, మూత పెట్టి, మిషను దగ్గరికి వెళ్లిపోయేది. మిషను చప్పుడే ఇంట్లో మాట. నేను ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి రోడ్డు మీదికి తిరిగాను. నేనేమన్నాను? డాక్టరు మాట డాక్టరు మాటగా చెప్పాను. నాకు తీపి పూసి చెప్పడం రాదు. అయినా కూర్చుంటే కూర్చోబుద్ధయ్యేది కాదు, నడిస్తే నడవబుద్ధయ్యేది కాదు.

అయినా ఐసు డబ్బా సంగతి అదే చూసింది. పక్కింట్లో వేటకెళ్లే కుటుంబం ఉంది, వాళ్ల దగ్గర చేపల థర్మోకోల్ డబ్బా అడిగి తెచ్చి, వాసన పోయేదాకా సబ్బు పెట్టి తోమి ఎండలో పెట్టింది.

ఆదివారం చర్చిలో వాక్యం చదవడానికి నిలబడ్డాను. మూడో వచనానికే అక్షరాలు అలుక్కుపోయాయి. ఆపేశాను. ఆడవాళ్ల వరసలోంచి నా కూతురు లేచి మిగతాది చదివేసింది. చదివి, నా వైపు చూడకుండా కూర్చుంది.

సోమవారం పొద్దున్నే మొదటి బస్సుకు కొడుకు దిగాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అక్క రాదా నాన్నా?"

"రాదు. నీదే గావాల."

"ఎంత తీత్తారేటి?"

"ఉన్నదంతా" అన్నాను. వాడు నవ్వలేదు.

ఆసుపత్రిలో రక్తం తీసే గదిలో ఒక నర్సు దీదీ ఉంది. రాంచీ వైపు మనిషి, గలగలా మాట్లాడుతుంది. మేము లోపలికి వెళ్లగానే నా కొడుకు కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచి, కళ్లు గట్టిగా మూసి ప్రార్థన మొదలుపెట్టాడు.

"భయ్యా, ఆప్ కౌన్?" అంది దీదీ, నువ్వెవరని.

"ఇన్ కా బేటా. ఖూన్ దేనే ఆయా." ఈయన కొడుకుని, రక్తం ఇవ్వడానికొచ్చానన్నాడు వాడు.

ఆమె వాణ్ణి చూసింది, నన్ను చూసింది, నవ్వు ఆపుకోలేకపోయింది. "అరే చాచా! అప్నా మత్‌లబ్ ఆప్ కా! ఆప్ కీ ఆంఖ్, ఆప్ కా ఖూన్. బేటే కా నహీ చలేగా. కిసీ కా నహీ చలేగా."

నా కంటికి నా రక్తమే కావాలి. కొడుకుదీ పనికిరాదు, ఎవరిదీ పనికిరాదు.

నా కొడుకు చొక్కా చెయ్యి దించేశాడు. పుట్టినప్పటి నుంచి వాడు ఏ పనీ అంత చురుగ్గా చేయగా నేను చూడలేదు. కుర్చీ నాకిచ్చి పక్కన నిలబడ్డాడు. నాకు సిగ్గేసిందా, కోపమొచ్చిందా, తెలియదు. మనసు మాత్రం సిప్పీఘాట్‌లో మిషను దగ్గరికి పోయింది. అప్పుడే సూది దిగింది.

గొట్టంలోకి నా రక్తం రావడం కొడుకు చూశాడు. చూసి, కొబ్బరిమట్ట రాలినట్టు నేల మీద పడ్డాడు. దీదీ చేతిలో నా నరం ఉంది, వదలడానికి లేదు. "కోయీ హై ఇన్ కే సాథ్?" అని వాకిలి వైపు అరిచింది, వీళ్లతో ఎవరైనా వచ్చారా అని.

తలుపు తోసుకుని నా కూతురు వచ్చింది, చంకలో థర్మోకోల్ డబ్బాతో.

"డబ్బా గుమ్మంలోనే ఒగ్గీసి వొచ్చీసినావు. నీ అప్నా ఖూన్ ఏ సంచీలో మోసుకొద్దామనీ?" అంటూనే తమ్ముణ్ణి చూసింది. డబ్బా కింద పెట్టి, వాడి కాళ్లెత్తి దాని మీద పెట్టింది, ముఖాన నీళ్లు కొట్టింది. వాడు కళ్లు తెరిచాడు.

"పొద్దున్న ఏటన్నా తిన్నావేటిరా?"

"నేదక్కా. రగతం ఇచ్చీవోలు తినకూడదేమో అని."

"ఇచ్చినావా మరి?"

వాడు నా వైపు చూశాడు. దాచి లాభం లేదు. "ఆడిది కాదే. నాదే తీస్తన్నారు. అప్నా అంటే నాదేనంట. ఈడిది పనికిరాదంట" అన్నాను.

అది తమ్ముడి ముఖం మీది నీళ్లు కొంగుతో తుడిచింది. "అయితే ఈడూ నానూ ఒకటే" అంది.

"ఒకటే" అన్నాను.

గొట్టాలను నిలబెట్టి రక్తం గడ్డకట్టేదాకా ఉంచారు. తర్వాత మిషన్‌లో గిర్రున తిప్పారు. గంజి మీద తేట తేరినట్టు పైకి పచ్చని నీరు తేరింది. అందులో సెలైన్ కలిపి చిన్న చిన్న సీసాల్లో పోశారు. అంతసేపూ నేను కారిడార్లో తిరుగుతూనే ఉన్నాను. నా కొడుకు క్యాంటీన్‌లో ఇడ్లీలు తిన్నాడు. నా కూతురు డబ్బా మీద కూర్చుంది.

దీదీ సీసాలు తెచ్చింది. వెలుతురు తగలకూడదు, తెరిచింది ఫ్రిజ్‌లో కింద, మిగతావి ఫ్రీజర్‌లో, కరిగింది మళ్లీ గడ్డకట్టించకూడదు అని హిందీలో చెప్పి, "ఘర్ మే కౌన్ డాలేగా?" అంది. ఇంట్లో ఎవరు వేస్తారని. కొడుకు అక్కను చూశాడు. అక్క గోడను చూసింది.

"ఇదే ఏస్తాది. నా సెయ్యి వణుకుతాది" అన్నాను.

"ఏస్తానో నేదో నన్నడిగినావా?"

దీదీకి తెలుగు రాదు, సీసాలు పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అడుగుతున్నానే" అన్నాను. "ఏస్తావా?"

అది దీదీ వైపు తిరిగి "దిన్ మే కిత్నీ బార్, దీదీ?" అంది, రోజుకు ఎన్నిసార్లని. చెప్పింది విని, మళ్లీ తానే అప్పజెప్పి, సీసాలు ఐసులో సర్దింది.

పుండు మూసుకుంటోంది, ఇంకా పూర్తిగా మూసుకోలేదు. రెప్పల కుట్టు మాట డాక్టరు ఇప్పుడు ఎత్తడం లేదు, కుట్టడనీ చెప్పడం లేదు. సిప్పీఘాట్‌లో కరెంటు పోతే నేను లేచి ఫ్రీజర్ తలుపు మీద చెయ్యి వేసి నిలబడతాను. "తలుపు తియ్యకు నాన్నా, సల్లదనం పోతాది" అని కూతురు కసురుతుంది. తియ్యను. కూర్చోనూ లేను.

ఆ రోజు ఆ గదిలో ఉన్నది నేను, సూది గుచ్చిన దీదీ, నా కొడుకు, నా కూతురు. డాక్టరు లేడు, తన మాట మా ఇంట్లో ఏం చేసిందో ఆయనకు ఇప్పటికీ తెలియదు.