తప్పిన బంతి పడే చోటు

రాయచూరు స్టేషన్‌లో టికెట్ల కౌంటర్ దగ్గర గంగాభవానితో వాదన పెట్టుకుని గెలిచినవాళ్లు ఇంతవరకు లేరు. వరుస తప్పినవాణ్ణి తోకకు పంపుతుంది, గొంతు పెంచినవాణ్ణి పక్కకు నిలబెడుతుంది. తెలుగులో మొదలుపెట్టి, కన్నడంలో మందలించి, ఉర్దూలో ముగిస్తుంది. ఆమె భర్త సతీశ్ గంజ్‌లో పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తా. "మొండోడు రాజుకన్న బలవంతుడంటరు. మా ఇంట్ల ఆ మొండోడు చీర కట్టుకుంటడు" అని నవ్వుతూ చెప్పుకుంటాడు, ఆమె వినేంత దూరంలో లేనప్పుడు.

ఆ మొండితనం ఎక్కడ ముదిరిందో ఇంట్లో అందరికీ తెలుసు. కాలేజీ రోజుల్లో భవాని బాస్కెట్‌బాల్ ఆడేది. ఆడేది అంటే, బంతి చేతికి రావడం ఆలస్యం, రింగు మీదికి వేసేది. పడినవి పడేవి, తప్పినవి తప్పేవి, చేయి మాత్రం ఆగేది కాదు. హుబ్బళ్ళిలో పెద్ద జట్టు ఎంపిక శిబిరానికి పిలుపొస్తే తండ్రి రాఘవులు స్టేషన్ అంతా లడ్డూలు పంచాడు. ఆయన అక్కడే పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. శిబిరంలో ఒక మ్యాచ్‌లో ఆమెకు వరసగా తప్పాయి. కోచ్ బయటికి పిలిచి "సాకు" అన్నాడు. ఇక చాలు అని. ఆ తర్వాత ఆమెను కోర్టులోకి దించనే లేదు. పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేసింది. మరుసటేడు రాఘవులు సర్వీసులో ఉండగానే పోయాడు. ఆయన పేరు మీద ఆమెకు ఉద్యోగం వచ్చింది, పెళ్లి వచ్చింది, కూతురు సుప్రియ వచ్చింది. ఆ ఒక్క మాట మాత్రం ఎక్కడికీ పోలేదు.

కౌంటర్ డ్యూటీ లేని వేళల్లో ఆమె స్టేడియం పక్కనున్న సిమెంట్ కోర్టులో ఆడపిల్లలకు ఆట నేర్పుతుంది. జీతం లేదు, పొగడ్త అంతకంటే లేదు. రాయచూరు ఎండకు ఆ సిమెంటు మీద పొద్దెక్కాక కాలు పెట్టలేం కనుక తెల్లవారుజామునే ఆట. ఏటా దసరాకు ముందు కలబురగిలో డివిజన్ పోటీలు జరుగుతాయి. గెలిచిన జట్టు మైసూరు దసరా ఆటలకు వెళుతుంది. భవాని పిల్లలు ఒక్కసారీ వెళ్లలేదు. ఒక్కసారైనా తీసుకుపోవాలని ఆమె పంతం.

పోయినేడు వెళ్లినంత పని చేశారు. అప్పటికి సుప్రియే జట్టుకు ప్రాణం. చక్కని చేయి, తప్పుతుందనిపిస్తే వేసేది కాదు. మిగతావాళ్లూ అంతే, ఒకరికొకరు బంతి అందించుకుంటూ, పంక్తి భోజనంలో వడ్డించుకున్నట్టు ఆడారు. చాలా అందంగా ఓడిపోయారు. "మంచిగ ఆడిండ్రు" అని అందరూ అంటుంటే భవానికి ఒళ్లు మండింది. వేయని బంతి ఎప్పటికీ పడదని ఆమెకు తెలుసు.

ఈ ఏడు వానాకాలం మొదట్లో ఒక స్కూలు పోటీలో ఆమెకు సహన కంటపడింది. దగ్గరి పల్లె యరగేర పిల్ల, మిరప పండించే హనుమేశ్ కూతురు. ఎక్కడ దొరికితే అక్కణ్ణుంచి వేస్తోంది. ఎన్ని పడుతున్నాయో దాదాపు అన్నే తప్పుతున్నాయి. తప్పినప్పుడు మాత్రం ఆ పిల్ల ముఖంలో సిగ్గు లేదు, భయం లేదు. మళ్లీ చేతులు చాచి బంతి అడుగుతోంది. భవానికి అక్కడ ఆడుతున్నది తానే అనిపించింది.

"ఎవరు నేర్పిండ్రే నీకు?" అని అడిగింది.

"ఎవ్వరు లేరు మేడమ్. మా స్కూలు గోడకు రింగుంది. నేనొక్కదాన్నే సుమ్నె, ఊరికెనే ఏసుకుంటుంటి. ఎవరికన్న ఇద్దామంటే ఎవరుండ్రి?"

హనుమేశ్ పొలానికి వెళ్లి భవాని గట్టు మీదే కూర్చుని మాట్లాడింది. పొద్దున్నే మొదటి బస్సుకు పిల్లను పంపాలని, తిరిగి స్కూలు వేళకు తాను బస్సెక్కిస్తానని చెప్పింది. ఆయన "ఆడితే ఏమొస్తది మేడమ్?" అన్నాడు. "ఏమొస్తదో నాకు మాలూమ్ లేదన్నా. ఆడకపోతే ఏం పోతదో మాలూమ్" అంది భవాని. పిల్ల మర్నాటి నుంచి వచ్చింది.

భవాని జట్టును మొత్తం తిరగేసింది. శిల్ప బంతి తెస్తుంది. ఇద్దరు అడ్డుగోడల్లా నిలబడి సహనకు చోటు చేస్తారు. సహన వేస్తుంది. పడినా వేస్తుంది, తప్పినా వేస్తుంది. క్రీడా సంఘం కార్యదర్శి బసవలింగప్ప గారు ఒక పొద్దున వచ్చి ఇది చూసి తల పట్టుకున్నారు.

"ఏంది మేడమ్ ఇది? ఒక్క పిల్లనే ఆడితే మిగిలిన నలుగురు ఎందుకు? ఐదు వేళ్లు కలిస్తేనే ముద్ద."

"ముద్ద కలిపేది ఐదు వేళ్లే సార్. నోట్లెకి తోసేది బొటనవేలే."

ఆయన తన చేతివంక ఓసారి చూసుకుని వెళ్లిపోయారు.

బసవలింగప్ప గారిని పంపినంత తేలిక కాదు సుప్రియను ఒప్పించడం. ఐదో చోటు ఆమెది. రింగు కింద నిలబడి, సహన తప్పిన బంతులను అందుకుని మళ్లీ బయటికి అందించాలి. తల్లి ఆ మాట చెప్పగానే ఆ పిల్ల బంతిని నేలకేసి కొట్టింది. అత్త మీది కోపం దుత్త మీద.

"అంటే ఆమె తప్పినవి ఏరనీకెనా నేను? పోయినేడు జట్టుల అందరికన్న ఎక్కువ పాయింట్లు నావి. నేనేం తప్పు జేసిన?"

"నువ్వు తప్పు జెయ్యలే. తప్పు జెయ్యనీకె భయపడుతవ్. గదే నీ తప్పు."

ఈ మాట కోచ్‌గా నిజం, తల్లిగా కటువు. అన్న క్షణంలోనే భవానికి తెలిసింది, వెనక్కి తీసుకోలేదు. సుప్రియ బూట్లు విప్పి పక్కన పెట్టింది. ఇక ఆడనంది.

ఇంట్లో సతీశ్ మధ్యవర్తిత్వం చేయబోయాడు. "కన్నబిడ్డకన్న ఎక్కువైందా నీకు యరగేర పిల్ల?" అన్నాడు. "ఎక్కువ తక్కువల మాట కాదిది. సుప్రియ లేకుంటే ఈ ఆట నిలవదు, సహన లేకుంటే ఈ ఆటే లేదు" అంది. రొట్టెలు కాలుస్తూ అంది కనుక కళ్లలో నీళ్లను పొగ మీదికి నెట్టేసింది. గ్యాస్ పొయ్యికి పొగ ఎక్కడిదని సతీశ్ అడగలేదు. బిడ్డ దూరమవుతుందేమోనన్న భయం ఆమెకు నిజంగానే పట్టుకుంది. అయినా మర్నాడు పొద్దున పిల్లల్ని పిలిచి అదే ఆట మొదలుపెట్టింది.

ఐదో మనిషి లేదుగా, ఆ చోట తానే నిలబడింది. ఒక మోకాలు అరిగింది, ఊపిరి అందదు. సహన వేయడం, బంతి రింగుకు తగిలి ఒక వైపు ఎగరడం, భవాని ఇంకోవైపు గెంతడం. పిల్లలు నవ్వాపుకోలేక నానా తిప్పలు పడేవాళ్లు. సుప్రియ ఆడనంది కానీ రావడం మానలేదు. ప్రహరీ గోడ ఎక్కి, చేతులు కట్టుకుని, ముఖం ముడుచుకుని చూస్తూ కూర్చునేది. అట్లా చాలా రోజులు గడిచాయి.

ఒకరోజు భవాని మళ్లీ తప్పు వైపు గెంతి, మోకాలి మీద పడింది. సుప్రియ గోడ మీంచి దూకి వచ్చింది. లేపుతుందనుకుంది తల్లి. లేపలేదు, అరిచింది.

"అమ్మా, నువ్వు నిలబడే జాగనే తప్పు! ఆమె కుడి మూలకెళ్లి ఏస్తే బంతి దాటిపోయి ఎడమకు పడ్తది. అలిసినంక ఏస్తే ముందర్నే పడ్తది. కోపంల ఏస్తే బోర్డుకు కొట్టుకుని నడిమికి వస్తది. ఇన్ని దినాలసంది చూస్తున్నవ్, గింత కనిపిస్తలేదా?"

భవాని నేల మీదే కూర్చుండిపోయింది. "నీకెట్ల తెలుసే?"

సుప్రియ ముఖం ఎర్రబడింది. "మొదటి దినంకెళ్లి చూస్తున్న. ఎప్పుడు తప్పుతదా, ఎప్పుడు తప్పుతదా అని."

అభిమానంతో చూసిన తల్లికి పడిన బంతులే కనిపించాయి. అసూయతో చూసిన బిడ్డ తప్పిన ప్రతి బంతినీ గుర్తు పెట్టుకుంది. ఆ జట్టులో సహన ఆటను సుప్రియ అంతగా చదివినవాళ్లు ఇంకెవరూ లేరు. ఇది విని సహనకు కోపం వస్తుందని అందరూ భయపడ్డారు. ఆ పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది.

"తప్పినవి గూడ చూసెటోళ్లుంటరా?" అంది. "మా ఊర్ల తప్పితే నేనే తుమ్మకంపలకు ఉరికి తెచ్చుకుంటుంటి. ఇంకొకరు తెచ్చిస్తరని నాకు తెల్వనే తెల్వదు."

సుప్రియ వెళ్లి బూట్లు వేసుకుంది. వేసుకుంటూ, "నీ కోసం కాదు, మా అమ్మ మోకాలి కోసం" అని మాత్రం చెప్పింది. ఆ రోజు సహన తప్పిన బంతి ఒక్కటి కూడా నేల మీద రెండోసారి ఎగరలేదు.

కలబురగిలో ఫైనల్ బళ్లారి పిల్లలతో పడింది. సగం ఆట దాకా సహన కొట్టిందే కొట్టడం. తర్వాత బళ్లారి వాళ్లు ఇద్దరిద్దరు వచ్చి ఆమె మీద పడ్డారు. షాట్ తప్పింది. ఇంకొకటి తప్పింది. ఇంకొకటి. చూస్తున్న కుర్రకారు గొంతెత్తి లెక్కపెట్టడం మొదలుపెట్టింది, "ఒందు! ఎరడు! మూరు!" అని. సుప్రియ కొన్ని అందుకుంది, కొన్ని అందలేదు. ఎప్పుడూ చెక్కుచెదరని సహన ముఖం ఆ లెక్కకు చెదిరింది. బంతి రాగానే నిప్పు పట్టుకున్నట్టు పక్కవాళ్లకు తోసేస్తోంది. ఆధిక్యం కరిగిపోయి రాయచూరు వెనకబడింది.

"తీసెయ్యండి మేడమ్" అన్నారు వెనక నుంచి బసవలింగప్ప గారు. ఈసారి ఆయన గొంతులో ఎగతాళి లేదు, జాలి ఉంది. "పిల్ల ఇజ్జత్ పోతున్నది."

భవాని టైమౌట్ అడిగింది. చెమటతో తడిసి సహన వచ్చి ఎదురుగా నిలబడింది. భవాని ఆ పిల్లను చూసింది. పాపం, కూర్చోబెడదాం, ఈ కేకలనుంచి కాపాడదాం అనుకుంది. సాకు తల్లీ, ఇక చాలు అనబోయింది. మాట నాలుక దాకా వచ్చాక, అది ఏ మాటో, ఎవరి మాటో ఆమెకు తెలిసింది. తెలిసి, నోరు పెగలక నిలబడిపోయింది. హుబ్బళ్ళి కోచ్ కూడా జాలితోనే అన్నాడేమో, దేవుడికే తెలియాలి.

ఆ నిశ్శబ్దంలో సుప్రియ సహన జబ్బ పట్టుకుంది.

"ఎందుకు ఇడిసిపెడుతున్నవ్ బంతిని? ఎయ్యి. నువ్వు ఎయ్యకుంటే నేనక్కడ బేకార్ నిలబడాలె."

"పడ్తలేవు గదా సుప్రియా."

"పడకపోనీ. తప్పితే నేనున్న. నువ్వు ఎయ్యి."

ఈల మోగింది. భవాని చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. తల ఊపి పంపించింది.

సహన వేసింది. తప్పింది. బంతి దాటిపోయి ఎడమకు పడింది, అక్కడ సుప్రియ ఉంది. బయటికి అందించింది. సహన మళ్లీ వేసింది, మళ్లీ తప్పింది. ముందరే పడింది, అక్కడా సుప్రియ ఉంది. కుర్రకారు లెక్కపెట్టడం మరిచిపోయింది. మూడోది రింగులోంచి జారింది. అక్కణ్ణుంచి బళ్లారి వాళ్లకు ఊపిరి తీసుకునే సందు దొరకలేదు. పడితే పాయింటు, తప్పితే సుప్రియ. చివరి ఈలకు రాయచూరు ముందుంది. బసవలింగప్ప గారు ఏం చేయాలో తోచక తన బొటనవేలు పైకెత్తి చూపించారు.

ఉత్తమ క్రీడాకారిణి కప్పు సహనకు వచ్చింది. సుప్రియ పేరు మైకులో ఎవరూ చదవలేదు. సాయంత్రం రైల్లో పిల్లలు ఆ కప్పులో మండక్కి మరమరాలు పోసుకుని తింటున్నారు. భవాని కిటికీ పక్కన కూర్చుంది. సుప్రియ వచ్చి ఆమె మోకాలికి తగలకుండా ఒదిగి పక్కన కూర్చుంది.

"నా మీద కోపం పోలేదా?" అంది భవాని.

"కొంచెం ఉన్నది. మైసూరు పోయొచ్చినంక పోతది." ఆ పిల్లే మళ్లీ అడిగింది. "అమ్మా, ఆనాడు హుబ్బళ్ళిల నీ బంతులు తప్పినప్పుడు, రింగు కింద ఎవరుండ్రి?"

భవాని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. ఇన్నేళ్లూ తప్పిన బంతులనే తలుచుకుంది. తప్పాక అవి ఎవరి చేతుల్లో పడ్డాయో ఒక్కసారీ తలుచుకోలేదు.

"ఎవ్వరు లేకుండ్రి బిడ్డా."

"నేనుంటే నువ్వు ఆడుతుంటివి."

స్టేషన్‌లో అంతమందిని మాటతో దబాయించే మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంట్లో అయితే పొయ్యి మీదికి నెట్టేది. ఇక్కడ నెట్టడానికి ఏమీ లేక, అందరి ముందూ, కూతురి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. సహన మండక్కి నములుతూ కంగారుగా చూసింది. కృష్ణా వంతెన వచ్చేసరికి భవాని కొంగుతో ముఖం తుడుచుకుని లేచి నిలబడింది.

"మైసూరుల ఎండ ఉండదంట, పొద్దున్నే చలి. చేతులు బిగుసుకుంటయి, ఎక్కువనే తప్పుతయి" అంది పిల్లలతో. "రేపు ఎవ్వరు పండుకునేది లేదు. తెల్లారకముందే కోర్టుకు రండి."