బావ పీకేసిన లైను

మా అక్క మొగుణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మనిషి చెడ్డవాడని కాదు, చెడ్డవాడైతే పీడా పోయేది. కాలేజీ మధ్యలో మానేసిన నన్ను తన ఆఫీసులో చేర్పించింది కూడా ఆయనే. పక్కపక్క కుర్చీలు. ఆయన కీబోర్డు మీద టీ ఒలకబోస్తే "పాపం, పని ఒత్తిడి" అంటారు. నేను తుమ్మితే గదిలో అందరూ తలెత్తి చూస్తారు.

బస్సు డ్రైవర్ల యాప్ బాధ్యత ఇకమీదట ఎవరికివ్వాలో, ఈ కొత్త వెర్షను చూసి చెప్తానంది మా ఆఫీసు మేడం. నాకు కావాల్సిందల్లా అదే. ఆ యాప్‌లో సగం నా చెమట.

అందులో నేను రాసిన కోడు లైను ఒకటుంది: ఎంత పాత ఫోన్ల దాకా యాప్ ఎక్కాలో చెప్పే అంకె. బావ దాన్ని పీకేశాడు.

"అదెందుకు తీశావ్ బావా?"

"అన్నీ మనమే చెప్పాలేంట్రా? టూలు చూసుకుంటుంది. చేత్తో రాసిన అంకెలు ముసలివైపోతాయి, ఎవడూ మార్చడు."

యాప్‌ని తయారుచేసే ఆ టూలు ఈమధ్యే కొత్తది వేశారు. మనం నోరు విప్పకపోతే అది కొత్త ఫోన్ల అంకె వేసుకుంటుంది.

"మరి పాత ఫోన్ల సంగతి?"

"ఇంకా ఎవడి దగ్గరున్నాయ్ రా? ఇదిగో, నా దాంట్లో ఎక్కింది." తళతళలాడే ఫోను నా ముక్కు ముందు ఆడించాడు.

సరే, గోతిలో పడు, అనుకున్నాను.

యాప్ వదిలిన పొద్దున్నే డిపో నుంచి గేర్ల తాత ఫోన్ చేశాడు. డ్రైవర్లలో అందరికన్నా పెద్దాయన, ఫోను ఆయనకి తగ్గదే. "మీ కొత్త యాప్ నా ఫోనుకి రాదంటోందయ్యా. ఇవాళ నాది ఏ బస్సో ఎవరు చెప్తారు?"

నా లోపల డప్పులు మోగాయి.

బావ తిన్నగా మేడం దగ్గరికెళ్ళి, "వీడు అడిగాడు, నేనే వినలేదు" అనేసి, స్కూటరు తాళం అందుకుని డిపోకి పోయాడు. ఒక్కో డ్రైవరు ఫోనూ చూసొచ్చి, నా లైను నా అంకెతోనే మళ్ళీ పెట్టాడు. సాయంత్రానికి తాత ఫోన్లో యాప్ ఎక్కింది.

మేడం ఏమందో తెలుసా? "తప్పు ఒప్పుకునేవాడి చేతిలో ఉంటేనే నాకు నిశ్చింత."

యాప్ బావకిచ్చింది. తప్పు చేసి కూడా గెలిచేవాడితో ఎలా వేగాలి?

"ఆ లైను ఎందుకుందో పక్కన రెండు ముక్కలు రాసెయ్ రా, మళ్ళీ నాలాంటోడు పీకకుండా" అన్నాడు బావ.

రాశాను: "గేర్ల తాత ఫోను కోసం. బావా, చెయ్యి పెట్టకు."

అది చదివి ఆఫీసంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది ఆయనే. కనీసం ఆ జోకైనా నాకు మిగల్చొచ్చుగా!